ఆకుకూర మడి, చెరువు గట్టు: మంచి తిండినీ నడకనూ ఊరికి చేరువ చేయడం ఎలా?

మా వీధి మొదట్లో ఒక బడ్డీ కొట్టు ఉంది. దాని చూరుకు అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. అన్నిటికంటే కింద ఉన్న ప్యాకెట్ రెండో తరగతి పిల్ల చెయ్యి చాపితే అందుతుంది. ఆ పిల్ల ఇంటి నుంచి కొట్టుకు నలభై అడుగులు. అదే ఇంట్లో తోటకూర వండాలంటే కూరల ఆటో వచ్చే రోజు దాకా ఆగాలి, లేదా మూడు కిలోమీటర్లు వెళ్లి తెచ్చుకోవాలి. పది రూపాయల కూరకు నలభై రూపాయల ఆటో ఛార్జీ పెట్టుకుని ఏ ఇల్లాలు వెళ్తుంది?

ఆకుకూరలు తినండి, రోజూ నడవండి అని మా ఊళ్లోనూ గోడల మీద రాయించారు, మైకులో చెప్పించారు. ఆ మాట తెలియని వారు ఊళ్లో ఒక్కరూ లేరు. కూర దూరంగా ఉంది, నడిచే దారి చీకటిగా ఉంది, అంతే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఒక మామూలు ఊరు ఈ రెంటినీ దగ్గరికి తెచ్చుకోవడానికి ఏం చేయాలో, ఏది ముందు, ఏది వెనుక చేయాలో రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం మా ఊళ్లో చేసి, తప్పులు దిద్దుకుని నేర్చుకున్నదే.

ముందు నోటుబుక్కుతో ఊరు తిరగండి

మొదటి వారం ఏ పనీ మొదలుపెట్టవద్దు. ఒక నోటుబుక్కు పట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరంతా నడవండి. కూరగాయలు ఎవరు అమ్ముతున్నారు, ఏ రోజుల్లో, ఎంతకు. పెరట్లో నాలుగు మొక్కలున్న ఇళ్లెన్ని. కొళాయి ఏ వేళకు వస్తుంది. వీధి దీపాల్లో వెలిగేవేవి, వెలగనివేవి. పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు, ఆ ఆటలో ఆడపిల్లలు ఉన్నారా లేదా, ఇవన్నీ రాయండి. ఊరి నడుమ తిరిగి వెనక్కి రావద్దు. చివరి పేట, కాలనీ దాకా వెళ్లండి. మా ఊళ్లో కూరల ఆటో రామాలయం దగ్గర ఆగి అక్కడి నుంచే వెనుదిరిగేది. కాలనీ వాళ్లు వచ్చేసరికి వాడిన తోటకూర, పగిలిన టమాటాలు మిగిలేవి. ఆ ఒక్క సంగతి కళ్లారా చూశాక పని ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలిసింది.

తరవాత ఒక చిన్న లెక్క వేయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, 2000 కిలో కేలరీల తిండి తినే మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకు 1.6 కిలోల కూరగాయలన్నమాట. 200 గడపల ఊరికి 320 కిలోలు. పిల్లలు తక్కువ తింటారని కొంత తీసేసి 250 కిలోలే అనుకున్నా, వారానికి 1750 కిలోలు. మీ ఊరికి వారంలో ఎన్ని కిలోల కూరగాయలు వస్తున్నాయో ఆటో అతనినే అడగండి. ఆ రెండు అంకెల నడుమ తేడాను సర్పంచి ముందు పెడితే, పోషకాహారం మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చినదానికంటే బాగా పని చేస్తుంది.

ఎవరిని కూర్చోబెట్టాలి

ఏడుగురు చాలు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, పొదుపు సంఘాల నుంచి ఇద్దరు, బడి నుంచి ఒక మాస్టారు, పంచాయతీ నుంచి ఒకరు, కొట్టు యజమాని. కాలనీ నుంచి కనీసం ఒకరు ఉండాలి, సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లు ఉండాలి. కొట్టు యజమానిని మరవకండి. పిలవకపోతే ఇదంతా తన వ్యాపారం చెడగొట్టడానికేనని అనుకుంటాడు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

సమావేశం ఆడవాళ్లకు వీలైన వేళ పెట్టండి. రచ్చబండ దగ్గర సాయంత్రం అయిదింటికి అడిగితే మగవాళ్లు జిమ్ము కావాలన్నారు. అదే ప్రశ్న పొదుపు సంఘం మీటింగులో అడిగితే చెరువు గట్టు మలుపులో దీపం కావాలన్నారు, ఆ మలుపులో కూర్చుని తాగేవాళ్లను అక్కడి నుంచి పంపించమన్నారు. రెండూ రాసుకున్నాం, రెండో దానితో మొదలుపెట్టాం.

పెరటి మడి

మొదటిసారి మేము మే నెలలో మొక్కలు పంచాం. మునగ, బొప్పాయి, అరటి పిలకలు ఇంటింటికీ ఇచ్చి, ఫోటోలు తీసుకుని సంతోషపడ్డాం. జూన్ వచ్చేసరికి బతికినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కొళాయి రెండు రోజులకోసారి వచ్చే వేసవిలో మొక్కకు పోసే నీళ్లు ఎక్కడివి? మీరు ఆ తప్పు చేయవద్దు. మునగ, కరివేపాకు, బొప్పాయి వంటివి తొలకరి పడ్డాక పెట్టండి. ఆకుకూర మడులకు మాత్రం మన ప్రాంతంలో నవంబరు మంచి నెల. అక్టోబరు మనకు తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఏం చేశాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో తరాల నాటి కొబ్బరి, జీడి తోటలే ఒక్క రాత్రిలో కూలాయి, పెరటి పందిరి ఏపాటిది? ఆనప, బీర, చిక్కుడు పాదులకు పందిరి వేయడం అక్టోబరు దాటాక పెట్టుకోండి.

మడి ఎంత ఉండాలంటే, మంచం పరిచినంత చోటు నాలుగు భాగాలు చేస్తే సరిపోతుంది. ఒక భాగంలో తోటకూర, ఒక భాగంలో పాలకూర, ఒక భాగంలో గోంగూర చల్లండి. నాలుగో భాగంలో బచ్చలి తీగ కాడలు నాటండి. తోటకూర, పాలకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తాయి. పాలకూరను మొదలంటా పీకకుండా ఆకులు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. గింజలన్నీ ఒకేరోజు చల్లకండి. పది రోజులకో భాగం చల్లితే కూర ఒకేసారి విరగబడి తరవాత నెల ఖాళీగా ఉండడం జరగదు. పెరుగు అన్నంలో నంజుకోవడానికి చిటికెడు మునగాకు పొడి కావాలన్నా ఆ మునగ చెట్టు పెరట్లోనే ఉండాలి కదా, దానికి మడి పక్కనే ఒక మూల వదలండి.

ఎరువుకు జీవామృతం. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలుపుతారు. ఇంటి మడికి అందులో పదో వంతు చాలు. 20 లీటర్ల నీటిలో కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి లేదా ఉలవపిండి, చిటికెడు మట్టి కలిపి, నీడలో గోనెపట్టా కప్పి రెండు రోజులు ఉంచండి. పొద్దునా సాయంత్రం కర్రతో కలపండి. వారంలోగా వాడేయండి. పోసేటప్పుడు పది వంతుల నీరు కలిపి మొక్క మొదట్లోనే పోయండి, కోతకు వచ్చిన ఆకుల మీద కాదు. కోసిన కూరను రెండు మూడు నీళ్లతో కడిగే వండాలి. అయిదారు ఇళ్లు కలిసి ఒకే డ్రమ్ములో చేసుకుంటే ఆవు లేని ఇంటికీ అందుతుంది. మీ మండలంలో ప్రకృతి వ్యవసాయ సిబ్బంది ఉంటే వచ్చి చేసి చూపిస్తారు, అడగండి.

అసలు శత్రువులు మేకలు, కోళ్లు. కంచె లేకుండా గింజ చల్లితే కోళ్లకు మేత వేసినట్టే. తాటి మట్టలు నిలువుగా పాతి, పాత చేపల వల చుట్టండి. సముద్రపు ఒడ్డు ఊళ్లలో చిరిగిన వల అడిగితే ఊరికే ఇస్తారు. నీళ్ల సంగతికి వస్తే, బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్లు మడికి పోయవచ్చు. సబ్బు నీళ్లు మాత్రం అరటి పాదుకే పంపండి.

పెరడు లేని ఇళ్లను వదిలేయకూడదు. కాలనీలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఖాళీ సిమెంటు సంచి అంచు మడిచి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి, సగం మట్టి, సగం పెంటపోగు ఎరువు నింపితే గుమ్మం పక్కన బచ్చలి, వంగ పెరుగుతాయి. అంగన్‌వాడీ ఆవరణలో చోటుంటే అక్కడ ఉమ్మడి మడి వేయండి. ఎవరు ఏ రోజు నీళ్లు పోయాలో, ఎవరు ఏ రోజు కోసుకోవాలో పేర్లతో గోడ మీద రాయాలి. ఆ పట్టిక లేని ఉమ్మడి మడి రెండు నెలలు కూడా నిలవదు, మేము చూశాం.

కొట్టూ, సంతా

అన్ని ఇళ్లూ మడి వేయవు. వేసినవాళ్లకూ మిగిలిన కాలంలో కొనక తప్పదు. అందుకే పొదుపు సంఘంలో ముగ్గురు ఆడవాళ్లు వంతులవారీగా పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా కూర అమ్మే ఏర్పాటు చేయండి, రామాలయం దగ్గర ఒక గంట, కాలనీ మొదట్లో ఒక గంట. చుట్టుపక్కల రైతుల దగ్గర ముందు రోజు సాయంత్రం కోయించి, తడి గోనెపట్టా కింద రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఆకు నిగనిగలాడుతూ ఉంటుంది. మొదటి నెల తక్కువ సరుకుతో మొదలుపెట్టండి. మిగిలిపోయి పారబోస్తే అమ్మే మనిషికి మనసు విరుగుతుంది. మిగిలిన కట్టలను సగం ధరకు బడి వంటగదికి ఇచ్చేలా వంట మనిషితో ముందే మాట్లాడుకోవడం మంచిది.

బడ్డీ కొట్టు అతనిని ప్యాకెట్లు అమ్మవద్దని అడగకండి. అతని ఇల్లు వాటి మీదే గడుస్తోంది. దండలు జానెడు పైకి కట్టమనండి, ముందు బల్ల మీద అరటిపళ్లు, ఉడకబెట్టిన వేరుశెనగ కాయలు, పల్లీ చెక్కీ పెట్టమనండి. మొదటి పక్షం రోజులు అమ్ముడుపోని పళ్ల నష్టం సంఘం భరిస్తుందని మాట ఇవ్వండి. మా కొట్టులో ఆ నష్టం నూట ఇరవై రూపాయలు అయింది. మూడో వారం నుంచి అతనే ఇంకో గెల తెచ్చుకున్నాడు.

చోడి అంబలి

మన తాతలు తాగిన చోడి (రాగి) అంబలిని ఇప్పుడు పట్నంలో గ్లాసు పాతిక రూపాయలకు కొంటున్నారు. చోళ్లలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలలో అదే బరువుకు ఉండేది దాదాపు 120. బడిలో రాగిజావ తాగి వచ్చే పిల్లలు ఇంట్లోనూ అడుగుతారు, కాబట్టి ఇది అన్నిటికంటే తేలిగ్గా జరిగే పని.

రాత్రి పడుకోబోయే ముందు రెండు గరిటెల చోడి పిండిని నాలుగు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టండి. పొద్దునకు పైన సన్నటి బుడగలు వచ్చి, పుల్లటి వాసన వేస్తుంది. గుప్పెడు బియ్యపు నూకలు విడిగా ఉడికించి, అందులో ఈ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా కలుపుతూ పావుగంట ఉడకనివ్వండి. గరిటె వెనుక వేలితో గీస్తే గీత నిలవాలి. చల్లారాక మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలి. ఉప్పు వేసేటప్పుడు చెయ్యి వెనక్కి లాగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే పరిమితి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. మన ఆవకాయ, ఎండు చేపల్లో ఉన్నదీ అందులోకే వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో ఈ పని చేస్తున్నవారు కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకు వేరే మాట చెప్పాలి. ఉద్దానం అనే ఆ ప్రాంతాన్ని పట్టుకున్న ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. జబ్బు ముదిరినవారికి పొటాషియం ఎక్కువైతే గుండెకే ప్రమాదం. పొటాషియం ఉండే అరటిపండు, కొబ్బరి నీళ్లు, ఆకుకూరలు అందరికీ మంచివే, వారికి మాత్రం డాక్టరు చెప్పిన కొలతలోనే. అందరికీ ఒకే కరపత్రం పంచవద్దు. ఏ ఇంట్లో రోగి ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలుసు, ఆ ఇంటికి ఆమెను పంపండి.

చెరువు గట్టు

ఇక నడక. పొద్దస్తమానం నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన మనిషికి నడవమని చెప్పకండి, అది ఆమెను అవమానించడమే. ఆమెకు కావలసింది రాత్రి గిన్నెలో ఒక గుడ్డు, ఉలవచారు, ఇంత కూర, తరవాత విశ్రాంతి. నడక కావలసింది కుట్టుమిషను ముందు, కొట్టులో, ఆఫీసులో, టీవీ ముందు కూర్చునే వారికి, పొలం మానేసిన పెద్దవారికి, సుగరు, బీపీ మాత్రలు వేసుకుంటున్నవారికి. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాలు, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే 150 అవుతుంది. ఎంత జోరుగా నడవాలంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

దారిని సైకిలుతో కొలవండి. చక్రం పుల్లల్లో ఒకదానికి ఎర్ర గుడ్డ కట్టి, నేల మీద గీత గీసి, చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం వెళ్లిందో టేపుతో చూడండి. పెద్ద సైకిలుకు అది రెండు మీటర్ల పైచిలుకు ఉంటుంది. 2.2 మీటర్లు వచ్చిందనుకుంటే 100 చుట్లకు 220 మీటర్లు. గుడ్డ పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెడుతూ గట్టంతా తిప్పండి. బడి పిల్లలకు ఈ పని అప్పగిస్తే పరుగెత్తుకుంటూ వస్తారు. ప్రతి 200 మీటర్లకు ఒక రాయికి సున్నం కొట్టి అంకె వేయండి. ఆ రాళ్లలో ఒకటి విడిచి ఒకటి కూర్చోగలిగేంత బల్లపరుపుగా ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ బయలుదేరేది, మధ్యలో కూర్చునే చోటుందని తెలిసినప్పుడే.

సర్కారు తుమ్మ నరికించడం, గట్టు చదును చేయించడం ఉపాధి పనుల్లో పెట్టించవచ్చేమో గ్రామ సచివాలయంలో అడగండి. దీపాల కోసం గ్రామసభలో నోటితో అడిగి ఊరుకోవద్దు. స్తంభాల సంఖ్యతో కాగితం రాసి ఇచ్చి, తీర్మానాల పుస్తకంలో రాయించి, ఆ పేజీ ఫోటో తీసుకోండి. ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 వంటి గ్రామసభ రోజులకు పది రోజుల ముందే కాగితం సిద్ధం కావాలి.

ఆడవాళ్ల నడకకు వేళ వాళ్లే చెప్పాలి. మేము పొద్దున అయిదున్నర అని నిర్ణయించాం, ఒక్కరూ రాలేదు. ఆ వేళకు కొళాయి వస్తుంది. సాయంత్రం ఆరున్నరకు మార్చి, అయిదుగురు ఒక జట్టుగా ఒకరి గుమ్మం ముందు ఒకరు ఆగి పిలుచుకుని వెళ్లే పద్ధతి పెట్టాక జట్లు నిలిచాయి. మొదట్లో చేతిలో పాల చెంబు పట్టుకుని వచ్చేవారు, ఊరికే నడుస్తున్నారని ఎవరైనా అంటారేమోనని. నాలుగో వారానికి చెంబులు కనిపించలేదు.

బడి మైదానం తాళం

నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి ఎందరో వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తి పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆ ఊళ్లలో ఆడపిల్ల ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో బరువులున్నాయి, నేర్పేవారున్నారు. మీ ఊళ్లో బరువులు లేకపోవచ్చు. బడి మైదానం ఉంది, సాయంత్రం నాలుగింటి తరవాత దానికి తాళం పడుతుంది. ఆ తాళం తెరిపించండి.

హెడ్‌మాస్టరు భయం కిటికీ అద్దాల గురించి, కొళాయిల గురించి. ఆ భయం న్యాయమైనది. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు మూస్తారు, ఏదైనా పగిలితే ఎవరు కట్టాలి అన్నది పంచాయతీ తరఫున ఒక కాగితం మీద రాసి సంతకాలు చేయండి. తరగతి గదులకు తాళం అలాగే ఉంటుంది, మైదానం గేటే తెరుస్తారు. ఆడపిల్లలకు వారంలో మూడు రోజులు మైదానం పూర్తిగా ఇవ్వండి. క్రికెట్టు ఆడే పెద్ద కుర్రాళ్లు మొదట గొడవ పడతారు, వాళ్లలో ఇద్దరికి ఖోఖో నేర్పే బాధ్యత అప్పగిస్తే సర్దుకుంటారు. కబడ్డీ, ఖోఖో, తొక్కుడు బిళ్లకు డబ్బు అక్కరలేదు, ముగ్గు చాలు.

నెలకోసారి లెక్క

మనుషుల బరువులు తూచి గోడ మీద రాయకండి. లావుగా ఉన్న పిల్ల మళ్లీ మైదానానికి రాదు. నెలలో ఒక రోజు, ముందుగా చెప్పకుండా, పాతిక ఇళ్లకు వెళ్లి నిన్న మీ ఇంట్లో ఆకుకూర వండారా అని మాత్రం అడగండి. వారానికెన్నిసార్లు అని అడిగితే మర్యాదకు నాలుగైదు అంటారు, నిన్నటి సంగతి అడిగితే ఉన్నది చెబుతారు. ఆ పాతికలో ఎనిమిది కాలనీ ఇళ్లు ఉండాలి, వాటి లెక్క విడిగా రాయాలి. అదే సాయంత్రం ఆరున్నరకు గట్టు మీద ఎందరు ఆడవాళ్లున్నారో, మైదానంలో ఎందరు ఆడపిల్లలున్నారో లెక్కపెట్టి మూడు అంకెలూ రామాలయం పక్క బోర్డు మీద సుద్దతో రాయండి.

ఒక నెల గట్టు మీద మనుషులు సగానికి తగ్గితే, మళ్లీ మైకు పట్టుకోకండి. మాకు అలా తగ్గిన నెలలో వెళ్లి చూస్తే మలుపులో బల్బు మాడిపోయి ఉంది. ఇప్పుడు ఆశా కార్యకర్త ఇంట్లో ఎప్పుడూ రెండు బల్బులు అదనంగా ఉంటున్నాయి, పంచాయతీ లైన్‌మన్ నంబరు బోర్డు కింద రాసి ఉంది.